అమిల్కార్ కబ్రాల్: గినియా-బిస్సావు స్వాతంత్ర్యంలో ఆయన పాత్రను ఎలా అంచనా వేయాలి?

తాళపత్రం రాసినది:

సభ్యులందరికీ నమస్కారం. మా ఊరి గ్రంథాలయంలో నెలకొకసారి జరిగే చరిత్ర సమావేశంలో ఈసారి పోర్చుగీసు వలసల విముక్తి గురించి మాట్లాడే బాధ్యత నాకు అప్పగించారు. అందుకోసం చదువుతూ ఉండగా మనసులో నిలిచిపోయిన మనిషి అమిల్కార్ కబ్రాల్. ఎన్‌క్రుమా, లుముంబా, మండేలా పేర్లు మన పాఠకులకు బాగానే తెలుసు. కబ్రాల్ పేరు మాత్రం తెలుగులో చాలా అరుదుగా వినిపిస్తుంది.

ఆయన 1924 సెప్టెంబరు 12న నాటి పోర్చుగీసు గినియాలోని బఫాటా పట్టణంలో పుట్టారు. తల్లిదండ్రులు కేప్ వెర్డే దీవుల వారు. బాల్యంలో ఎక్కువ భాగం అక్కడే గడిచింది. 1945లో విద్యార్థి వేతనంతో లిస్బన్ వెళ్ళి వ్యవసాయ శాస్త్రం చదివారు. 1956 సెప్టెంబరులో బిస్సావులో కొద్దిమంది సహచరులతో కలిసి రహస్యంగా పార్టీ స్థాపించారు. అదే తరువాత పీఏఐజీసీగా, అంటే గినియా, కేప్ వెర్డేల స్వాతంత్ర్యానికి పోరాడే ఆఫ్రికన్ పార్టీగా ప్రసిద్ధి చెందింది. 1963 జనవరిలో సాయుధ పోరాటం మొదలైంది. 1973 జనవరి 20 రాత్రి కోనాక్రీ నగరంలో సొంత పార్టీ మనుషుల చేతుల్లోనే ఆయన హతులయ్యారు. ఎనిమిది నెలల తరువాత, 1973 సెప్టెంబరు 24న, విముక్త ప్రాంతమైన మదీనా దో బోయేలో గినియా-బిస్సావు స్వతంత్ర గణతంత్రంగా ప్రకటించుకుంది. పోర్చుగల్ దానిని గుర్తించినది 1974 సెప్టెంబరు 10న.

నా సందేహం ఇది. 1974 ఏప్రిల్ 25న లిస్బన్‌లో సైనికులు నియంతృత్వాన్ని కూలదోశారు కాబట్టి వలసలకు విముక్తి లభించిందని చాలా పుస్తకాలు ఒక్క వాక్యంలో ముగిస్తాయి. ఆ వాక్యం నిజమైతే కబ్రాల్ పదిహేడేళ్ళ శ్రమకు మిగిలే స్థానం ఏమిటి? ఆ రోజును చూడకుండానే వెళ్ళిపోయిన నాయకుడి పాత్రను మనం ఏ కొలతతో కొలవాలి? తెలిసిన వారు దయచేసి వివరించగలరు.

నల్లరేగడి రాసినది:

తాళపత్రం గారికి నమస్కారం. నేను వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. కబ్రాల్‌ను నేను నాయకుడిగా తెలుసుకోకముందే వ్యవసాయ శాస్త్రజ్ఞుడిగా తెలుసుకున్నాను. ఆయన పాత్రను కొలవాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలని నా నమ్మకం.

చదువు ముగించుకొని 1952లో ఆయన బిస్సావు సమీపంలోని పెసుబే ప్రయోగ క్షేత్రంలో ఉద్యోగంలో చేరారు. మరుసటి ఏడాది ఆ వలస మొత్తానికీ వ్యవసాయ గణన జరిపే పని ఆయనకు అప్పగించారు. ఆయన భార్య మరియా హెలెనా కూడా వ్యవసాయ శాస్త్రజ్ఞురాలే. ఇద్దరూ కలిసి ఆ పని చేశారు. ఊరూరా తిరిగి, ఎవరు ఏ పంట వేస్తున్నారు, ఎంత నేలలో వేస్తున్నారు, ఏ తెగ వారి సేద్యం ఏ తీరుగా ఉంది అన్న లెక్కలను తీశారు. వలస ప్రభుత్వం తన అవసరం కోసం చేయించిన గణన అది. కానీ ఆ తిరుగుడులో కబ్రాల్‌కు దక్కినది దేశపు అసలు పటం. ఏ ఊరి వారు ఎవరి మాట వింటారు, వేరుశనగ వేయమని ఒత్తిడి పెట్టే అధికారులపై ఎవరికి కోపం ఉంది, ఏ నది దాటితే ఏ భాష మొదలవుతుంది అన్నవి ఏ గ్రంథంలోనూ దొరికేవి కావు.

అక్కడి బలాంతా రైతుల వరి సాగు గురించి చదివినప్పుడు నాకు కలిగిన గౌరవం చెప్పనలవి కాదు. మడ అడవులను నరికి, సముద్రపు పోటు లోపలికి రాకుండా మట్టి గట్లు పోసి, రెండు మూడు వానాకాలాల నీటితో నేలలోని ఉప్పును కడిగి, ఆ తరువాతనే నారు నాటుతారు. గట్టు ఒక్కచోట తెగితే ఉప్పునీరు చొరబడి ఏళ్ళ తరబడి చేసిన కష్టం పోతుంది. చవుడు నేలతో కుస్తీ పట్టిన ఏ రైతుకైనా ఆ శ్రమ విలువ అర్థమవుతుంది. ఇంతటి పని చేసుకునే మనుషులను వలస చట్టం అనాగరికులుగా నమోదు చేసింది. 1950 జనగణనలో దాదాపు 5 లక్షల జనాభాలో నాగరికులుగా లెక్కకు వచ్చినవారు నూటికి ఇద్దరు కూడా లేరు.

ఈ బలాంతా సమాజంలో పెత్తందారులు లేరు; ఊరి పెద్దలు కూర్చొని నిర్ణయించుకుంటారు. ఫూలా సమాజంలో దొరలు, వారి కింద అంతస్తులు ఉండేవి; ఆ దొరలలో చాలామంది పోర్చుగీసు వారి పక్షాన నిలిచారు. పోరాటానికి మొదట బలం ఎక్కడ దొరుకుతుందో, ఎక్కడ ఆలస్యమవుతుందో కబ్రాల్ ముందే అంచనా వేయగలిగారంటే దానికి మూలం ఆ పొలాల గట్ల మీద గడిపిన కాలమే.

ఉత్తరాయణం రాసినది:

ఇద్దరి రాతలూ శ్రద్ధగా చదివాను. కబ్రాల్ వ్యక్తిత్వం పట్ల నాకు గౌరవమే ఉంది. అయినా చరిత్రను ఒక వ్యక్తి చుట్టూ అల్లడం సరికాదని నా అభిప్రాయం. అందుకే కొన్ని అభ్యంతరాలను ముందుంచుతున్నాను.

మొదటిది, పక్కనే ఉన్న గినియా 1958లో ఫ్రాన్సు నుంచి స్వతంత్రమై, సెకూ తూరే ప్రభుత్వం కోనాక్రీలో ఆశ్రయం ఇవ్వకపోతే ఈ పార్టీకి నిలవడానికి నేల ఉండేది కాదు. రెండవది, ఆయుధాలు సోవియట్ కూటమి నుంచి, శిక్షకులు, వైద్యులు క్యూబా నుంచి వచ్చారు. యుద్ధాన్ని మలుపు తిప్పినది 1973 మార్చిలో భుజం మీద నుంచి ప్రయోగించే విమాన విధ్వంసక క్షిపణులు రావడం. అప్పటికి కబ్రాల్ జీవించి లేరు. మూడవది, పోర్చుగల్ అప్పటికే అంగోలా, మొజాంబిక్‌లలో కూడా యుద్ధాలు చేస్తూ ఆర్థికంగా అలసిపోయింది. ఇన్ని కారణాలు కలిసి వచ్చినప్పుడు నాయకుడు ఎవరైనా ఫలితం దాదాపు ఇదే అయి ఉండేది కాదా?

తీరరేఖ రాసినది:

ఉత్తరాయణం గారి ప్రశ్న న్యాయమైనదే. కానీ లిస్బన్ తిరుగుబాటును గినియా యుద్ధానికి వెలుపల నుంచి వచ్చిన కారణంగా చూపడం దగ్గర నాకు పేచీ ఉంది. నేను కొన్నేళ్ళు ఉద్యోగరీత్యా పోర్చుగల్‌లో ఉన్నాను. అప్పుడు ఈ విషయం మీద పట్టుదలగా చదివాను.

1974లో ప్రభుత్వాన్ని కూల్చిన సైనిక అధికారుల ఉద్యమానికి విత్తనం పడిన చోట్లలో ముఖ్యమైనది బిస్సావే. 1973 వేసవిలో అక్కడి యువ కెప్టెన్లు రహస్యంగా సమావేశం కావడం మొదలుపెట్టారు. అదే సెప్టెంబరులో పోర్చుగల్‌లోని అల్కాసొవాస్ వద్ద జరిగిన సమావేశంతో ఉద్యమం రూపు దిద్దుకుంది. తిరుగుబాటు రోజున కార్యాచరణను నడిపిన ఒతేలో సరైవా ద కర్వాల్యో గినియాలో పనిచేసి వచ్చినవాడు. ఆ రోజు అధికారం అందుకున్న జనరల్ స్పినోలా 1968 నుంచి 1973 వరకు గినియాకు గవర్నరు. యుద్ధాన్ని సైనికంగా గెలవలేమని అతడు ప్రచురించిన పుస్తకమే 1974 ఫిబ్రవరిలో లిస్బన్‌ను కుదిపింది. ఆ సంగతి అతనికి తెలిసినది ఏ యుద్ధంలోనో వేరే చెప్పనవసరం లేదు.

దీనికి మన దేశంతో నిజమైన ముడి ఒకటి ఉంది. 1961 డిసెంబరులో భారత సైన్యం గోవాలో ప్రవేశించినప్పుడు చివరి మనిషి వరకు పోరాడి చావమని పోర్చుగల్ నియంత సలజార్ ఆజ్ఞాపించాడు. గవర్నరు వస్సాలో ఇ సిల్వా ఆ వ్యర్థ మరణాలకు అంగీకరించక లొంగిపోయాడు. అందుకు ప్రతిఫలంగా తిరిగి వచ్చాక అతనిని సైన్యం నుంచి బహిష్కరించారు. పన్నెండేళ్ళ తరువాత గినియాలో ఓటమి దగ్గరపడుతుంటే అక్కడి అధికారులను వెంటాడిన భయం ఇదే: ఓడిపోయేది ప్రభుత్వ విధానం, నింద మోయవలసింది మాత్రం తాము. గోవా మరొకసారి జరగబోతున్నదన్న భావన వారిలో బలంగా ఉండేదని ఆ కాలపు చరిత్రను రాసినవారు స్పష్టంగా నమోదు చేశారు.

ఇంకొక్క మాట. 1961 ఏప్రిల్‌లో, అంటే గోవా విముక్తికి ఎనిమిది నెలల ముందు, పోర్చుగీసు వలసల జాతీయవాద సంస్థలన్నీ కాసాబ్లాంకాలో ఒక వేదికగా ఏర్పడ్డాయి. దానిలో కబ్రాల్ పార్టీతో పాటు గోవా సంస్థలు కూడా ఉన్నాయి. గోవాలో పుట్టిన అకీనో ద బ్రగాన్సా ఆ వేదికలో పనిచేసి, చివరికి 1986లో మొజాంబిక్ అధ్యక్షుడు సమోరా మాషెల్‌తో పాటు విమాన ప్రమాదంలో మరణించారు.

కొత్తచిగురు రాసినది:

క్షమించాలి, చిన్న సందేహం. ఇక్కడ గినియా అన్న పేరుతో రెండు దేశాలు వస్తున్నట్లున్నాయి. కోనాక్రీ ఏ దేశంలోది? కేప్ వెర్డేకు ఈ పోరాటంతో సంబంధం ఏమిటి? పోటీ పరీక్షలకు చదువుతున్నాను. ఈ పేర్లు ఎప్పుడూ కలిసిపోతున్నాయి.

తాళపత్రం రాసినది:

కొత్తచిగురు గారూ, క్షమాపణ అవసరం లేదు. కోనాక్రీ రాజధానిగా ఉన్నది పూర్వపు ఫ్రెంచి గినియా. బిస్సావు రాజధానిగా ఉన్నది పూర్వపు పోర్చుగీసు గినియా. స్పెయిను పాలించిన భూమధ్యరేఖా గినియా మరొకటి, దానితో ఈ చర్చకు పని లేదు. కేప్ వెర్డే అట్లాంటిక్‌లోని దీవుల సముదాయం. పోర్చుగీసు వారు అక్కడి చదువుకున్న వారిని తెచ్చి గినియాలో గుమాస్తాలుగా, చిన్న అధికారులుగా నియమించేవారు. కబ్రాల్ రెండు నేలలకూ చెందినవారు కాబట్టి రెండింటికీ ఒకే పార్టీ, ఒకే విముక్తి అని సంకల్పించారు. 1940లలో ఆ దీవులను రెండు కరువులు కబళించి పదుల వేల మందిని పొట్టన పెట్టుకున్నాయి. ఆయన బడిపిల్లవాడిగా మొదటిదానిని కళ్ళారా చూశారు.

తీరరేఖ గారు ఇచ్చిన గోవా సమాచారానికి కృతజ్ఞతలు. నేను చదివిన వాటిలో నన్ను బాగా ఆలోచింపజేసిన ఘట్టాన్ని కూడా ఇక్కడ చేరుస్తాను. పార్టీ మొదట్లో పట్టణ కార్మికుల మీద ఆధారపడింది. 1959 ఆగస్టు 3న బిస్సావులోని పిజిగీతి రేవులో కార్మికులు కూలి పెంచమని సమ్మె చేశారు. పోలీసులు కాల్పులు జరిపారు. పార్టీ లెక్క ప్రకారం 50 మంది వరకు చనిపోయారు. కబ్రాల్ అప్పుడు అంగోలాలో ఉన్నారు. 1955లోనే ఆయనను గినియా విడిచి వెళ్ళమన్నారు. ఏడాదికొకసారి తల్లిని చూసి పోవడానికి మాత్రం అనుమతి ఉండేది. సెప్టెంబరులో వచ్చినప్పుడు సహచరులతో సమావేశమై, పట్టణంలో పని తగ్గించి పల్లెలకు వెళ్ళాలని, నాయకత్వాన్ని దేశం బయటికి తరలించాలని నిర్ణయించారు.

ఆ తరువాత వెంటనే తుపాకీ పట్టలేదు. మూడేళ్ళకు పైగా సిద్ధపడ్డారు. కోనాక్రీలో ఒక పాఠశాల నడిపి, పల్లెల నుంచి వచ్చిన యువకులను కూర్చోబెట్టి, ఊరికి తిరిగి వెళ్ళి పెద్దల ముందు ఏం మాట్లాడాలో, వారు అడిగే ప్రశ్నలకు ఏం జవాబు చెప్పాలో నాటకంలా అభ్యాసం చేయించారు. అక్కడ రైతు చేతిలో భూమి ఉంది. భూమి పంచుతామన్న నినాదం ఆ నేలలో చెల్లదు. పన్ను, చేయక తప్పని వెట్టి, తక్కువ ధరకు పంట అమ్ముకోవలసిన గతి, కొరడా, ఇవే అక్కడి బాధలు. ప్రజలు ఎవరి తలలోనో ఉన్న సిద్ధాంతాల కోసం పోరాడరని, తమ బతుకు మెరుగుపడాలని, పిల్లలకు భవిష్యత్తు ఉండాలని పోరాడతారని 1965లో ఆయన పార్టీ శ్రేణులకు రాసిన ఆదేశం ఆ అనుభవం నుంచి వచ్చినదే. అబద్ధాలు చెప్పవద్దు, సులువైన విజయాలను చాటుకోవద్దు అన్న మాట కూడా అందులోనే ఉంది.

మల్లెపందిరి రాసినది:

ఇంతసేపూ చర్చ యుద్ధం, సైన్యం, రాజధానుల చుట్టూనే తిరిగింది. విముక్త ప్రాంతాలలో మనుషులు ఎలా బతికారన్నది కూడా కబ్రాల్ పాత్రలో భాగమే కదా.

అక్కడ ఊరిని తబంకా అంటారు. ప్రతి తబంకాకూ ఎన్నికైన అయిదుగురి సంఘం ఉండేది. అయిదుగురిలో కనీసం ఇద్దరు స్త్రీలు ఉండాలన్నది పార్టీ నియమం. 1960లలో, యుద్ధం నడుస్తున్న పల్లెలో, పెద్దల మాటే శాసనమైన చోట ఈ నియమం పెట్టి అమలు చేయించడం ఎంత కష్టమో పంచాయతీలలో మహిళా ప్రతినిధుల పాట్లు చూసిన మనకు తెలుసు. ప్రజల దుకాణాలు పెట్టారు; రైతు బియ్యం తెచ్చి ఇచ్చి బట్ట, ఉప్పు, పార తీసుకునేవాడు. పోర్చుగీసు వ్యాపార సంస్థల కొనుగోలు గుత్తాధిపత్యానికి తగిలిన మొదటి దెబ్బ అది. బడులు, చికిత్సా కేంద్రాలు, ఊరి న్యాయస్థానాలు అడవి చెట్ల నీడన నడిచాయి. విమానాలు బాంబులు, నాపామ్ అనే నిప్పుబాంబులు వేస్తుంటే పిల్లలు పలకలు పట్టుకొని కందకాల్లోకి దూకి, ఆ తరువాత మళ్ళీ వచ్చి కూర్చున్నారు.

తితీనా సిలా గురించి చెప్పకుండా ఈ చర్చ పూర్తి కాదు. పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ వయసులో పోరాటంలో చేరి నాయకత్వ స్థాయికి ఎదిగిన యువతి ఆమె. 1973 జనవరి 30న, కబ్రాల్ అంత్యక్రియలకు వెళ్తూ ఫరీం నది దాటుతుండగా పోర్చుగీసు పహరా దళం దాడిలో మరణించింది. ఆ రోజును గినియా-బిస్సావు ఇప్పటికీ మహిళా దినంగా పాటిస్తుంది. కార్మెన్ పెరేరా బతికి, తరువాతి కాలంలో ఆ దేశపు శాసనసభకు అధ్యక్షురాలయ్యారు. నాయకుడు ఎవరైనా ఫలితం ఇదే అయి ఉండేదన్న ఉత్తరాయణం గారి మాటకు నా జవాబు ఇది: జెండా మారి ఉండేదేమో, ఊరి సంఘంలో ఆ రెండు స్థానాలు మాత్రం ఎవరో ఒకరు పట్టుబట్టకపోతే వచ్చేవి కావు.

పలకబలపం రాసినది:

బడుల ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఉపాధ్యాయుడిగా నాకు కబ్రాల్‌తో ఉన్న ఒక విభేదాన్ని చెప్పుకుంటాను. ఆయన పట్ల భక్తి పెరిగేకొద్దీ ఈ విషయం నన్ను మరింత బాధిస్తుంది.

సంస్కృతే విముక్తికి ఊపిరి అని చెప్పిన మనిషి ఆయన. 1970 ఫిబ్రవరిలో అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో, మొజాంబిక్ నాయకుడు ఎద్వార్దో మోండ్లానే స్మారకంగా చేసిన ఉపన్యాసంలో, పరాయి పాలన నిలవాలంటే ప్రజల సంస్కృతిని అణచక తప్పదని, అది అణగకుండా మిగిలిన చోటి నుంచే ప్రతిఘటన పుడుతుందని ఎంతో లోతుగా వివరించారు. అటువంటి వ్యక్తి విముక్త ప్రాంతాల బడులలో బోధన పోర్చుగీసులోనే జరగాలన్నారు. 1969లో కార్యకర్తలకు చెప్పిన పాఠాల్లో, పోర్చుగీసు వారు వదిలిన మంచి వాటిలో ఆ భాష ఒకటని, భాష కేవలం ఒక పనిముట్టని వాదించారు. ఊళ్ళను కలిపిన భాష, పోర్చుగీసు, స్థానిక భాషలు కలిసి పుట్టిన క్రియోల్. పోరాటం సాగినదీ, పాటలు పుట్టినదీ, సభలలో మాట్లాడినదీ క్రియోల్‌లో. ఆ క్రియోల్‌కు స్థిరమైన లిపి సంప్రదాయం లేదన్నది ఆయన వాదన. శాస్త్ర గ్రంథాలు పోర్చుగీసులో ఉన్నాయన్నది కూడా నిజమే. కానీ ఇంట్లో వినని భాషలో మొదటి అక్షరం దిద్దిన పిల్లవాడి కళ్ళు ఎలా ఉంటాయో నేను ప్రతి జూన్ నెలలోనూ చూస్తున్నాను.

ఈ ఒక్క విషయంలో ఆయన కాలపు ఒత్తిడి ఆయన ఆలోచన కంటే బలమైనదని నా భావన. అయితే బడి పెట్టడమే ఆయుధం పట్టడమంత ముఖ్యమని నమ్మినది ఆయనే కాబట్టి, ఈ విభేదాన్ని ఆయన విన్న తరువాతనే తోసిపుచ్చి ఉండేవారని కూడా నమ్ముతున్నాను.

ఉత్తరాయణం రాసినది:

తీరరేఖ గారి వివరణతో నా మొదటి రాతలోని ఒక భాగాన్ని సవరించుకుంటున్నాను. లిస్బన్ తిరుగుబాటు గినియా యుద్ధపు సంతానమే అన్నది అంగీకరిస్తాను. కానీ అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

కబ్రాల్‌ను చంపినవాడు ఇనొసెన్సియో కానీ. పార్టీ నౌకాదళంలో పనిచేసినవాడు. వెనుక పోర్చుగీసు రహస్య పోలీసుల ప్రోత్సాహం ఉందన్నది బలమైన అభిప్రాయమే. అయినా ఆ కుట్రకు మనుషులు దొరికారంటే, నాయకత్వంలో కేప్ వెర్డే వారే ఎక్కువ ఉన్నారు, అడవిలో చనిపోతున్నది మాత్రం గినియా వారు అన్న అసంతృప్తి లోపల రాజుకుంటూనే ఉందని అర్థం. అదే నిప్పు 1980 నవంబరు 14న మళ్ళీ అంటుకొని, ప్రధాని నీనో వియేరా తిరుగుబాటుతో అధ్యక్షుడు లూయిస్ కబ్రాల్ పదవి పోయింది. ఆయన అమిల్కార్ సోదరుడు. రెండు దేశాల ఐక్యత అక్కడితో ముగిసింది. స్వాతంత్ర్యం వచ్చాక పోర్చుగీసు సైన్యంలో పనిచేసిన ఆఫ్రికన్ సైనికులను విచారణ లేకుండా చంపిన మచ్చ కూడా ఈ పార్టీ మీద ఉంది. తరువాతి దశాబ్దాలు వరుస తిరుగుబాట్లు, 1998-99 అంతర్యుద్ధం. కబ్రాల్ తన కలను నిలబెట్టే సంస్థను నిర్మించలేకపోయారని అనడం అన్యాయమా?

నల్లరేగడి రాసినది:

అన్యాయం కాదు, కాకపోతే పూర్తి చిత్రం కూడా కాదు. ఈ ప్రమాదాన్ని కబ్రాల్ అందరికంటే ముందు చూశారు. పోరాటం మొదలైన ఏడాదికే కొందరు దళ నాయకులు ఊళ్ళ మీద చిన్న దొరల్లా తయారయ్యారు, ప్రజలను హింసించారు. 1964 ఫిబ్రవరిలో, పక్కనే కోమో దీవి మీద పోర్చుగీసు సైన్యం భారీ దాడి చేస్తుండగానే, దక్షిణాన కసాకాలో మహాసభ జరిపి అటువంటి వారిని నిలదీశారు, పదవుల నుంచి తొలగించి శిక్షించారు. సైన్యాన్ని పార్టీ రాజకీయ నాయకత్వం కిందికి తెచ్చారు. యుద్ధం మధ్యలో తుపాకీ ఉన్నవాడి చేతి నుంచి అధికారం తీసుకోవడం ఎంతమంది నాయకులు చేయగలిగారు?

1966 జనవరిలో హవానా సభలో ఆయన చేసిన హెచ్చరిక మరీ సూటిగా ఉంటుంది. స్వాతంత్ర్యం తరువాత అధికారం చదువుకున్న చిన్న మధ్యతరగతి చేతికే వస్తుంది. ఆ తరగతి తన ప్రయోజనాలను తానే చంపుకొని ప్రజల్లో కలిసిపోవాలి, లేదా విప్లవానికి ద్రోహం చేయాలి, మూడవ దారి లేదని చెప్పారు. తన గురించి, తన సహచరుల గురించి తానే పలికిన తీర్పు అది. అందులో రెండవ దారి పట్టిన వారి నేరాన్ని ఆయన ఖాతాలో వేయడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు.

అయితే ఉత్తరాయణం గారు తాకిన ఐక్యత విషయంలో నేను కూడా సమాధానం లేని స్థితిలోనే ఉన్నాను. కేప్ వెర్డే దీవులలో దాక్కోవడానికి అడవి లేదు, యుద్ధం జరగలేదు. ఒక నేల నెత్తురు ఇచ్చింది, రెండవది 1975 జులై 5న స్వతంత్రమైంది. ఆ అసమానతకు ఎంత సదుద్దేశంతోనైనా పూత పూయలేము. అదే పార్టీ వారసులు కేప్ వెర్డేలో 1991 ఎన్నికల్లో ఓడిపోయి శాంతంగా అధికారం అప్పగించారు, తరువాత ఎన్నికలతోనే తిరిగి వచ్చారు. ఒకే చేతి విత్తనం రెండు నేలల్లో రెండు రకాలుగా మొలిచింది. ఆ తేడాకు నేల ఎంత కారణమో, సేద్యం ఎంత కారణమో తేల్చాలంటే మరొక చర్చ కావాలి.

తీరరేఖ రాసినది:

మొదటి ప్రశ్నకు తిరిగి వస్తే, స్వాతంత్ర్యం లిస్బన్ ఇచ్చినదా, బిస్సావు తీసుకున్నదా అన్న దానికి తేదీలే కొంత సమాధానం చెబుతాయి.

1972 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక బృందం కబ్రాల్ ఆహ్వానం మీద విముక్త ప్రాంతాలకు కాలినడకన వెళ్ళింది. ఈక్వడార్, స్వీడన్, ట్యునీషియా ప్రతినిధులు అందులో ఉన్నారు. పోర్చుగల్ బాంబులు వేసి అడ్డుకోవాలని చూసినా వారు వారం రోజులు తిరిగి, అక్కడ నిజంగానే ఒక పాలన నడుస్తున్నదని నివేదించారు. అదే ఏడాది ఆ ప్రాంతాలలో ప్రజాసభకు ఎన్నికలు జరిగాయి. వలసపాలకుడు ఇంకా రాజధానిలో కూర్చొని ఉండగానే ఓట్లు వేయించి, సభను ఏర్పాటు చేసి, ఆ సభ చేత స్వాతంత్ర్యం ప్రకటింపజేయాలన్నది కబ్రాల్ రచించిన క్రమం. ఆయన చనిపోయినా ఆ క్రమం ఆగలేదు. 1973 మే నెలలో పోర్చుగీసు వారు గిలేజే స్థావరాన్ని వదిలి పారిపోయారు; ఆ దాడికి పెట్టిన పేరే అమిల్కార్ కబ్రాల్. సెప్టెంబరులో ప్రకటన వెలువడింది. నవంబరు 2న ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 93 ఓట్లతో, 7 వ్యతిరేక ఓట్ల మీద, కొత్త దేశపు సార్వభౌమత్వాన్ని స్వాగతించి పోర్చుగీసు సైన్యాన్ని అక్రమ ఆక్రమణదారుగా తీర్మానించింది. లిస్బన్ తిరుగుబాటుకు ఇంకా అయిదు నెలలకు పైగా వ్యవధి ఉంది.

ఆ ప్రకటన జరిగిన మదీనా దో బోయే ప్రాంతం నుంచి పోర్చుగీసు సైన్యం 1969 ఫిబ్రవరిలోనే వెనక్కి వెళ్ళింది. వెళ్తూ కొరుబాల్ నది దాటేటప్పుడు పంటు మునిగి 47 మంది చనిపోయారు. వారిలో చాలామంది నిర్బంధ సైనిక సేవకు వచ్చిన యువకులే. తమ పోరాటం పోర్చుగీసు ప్రజల మీద కాదని కబ్రాల్ పదే పదే చెప్పిన మాటను గుర్తుచేయడానికే ఈ విషయం రాస్తున్నాను. పట్టుబడిన సైనికులను ఆయన రెడ్ క్రాస్‌కు అప్పగించి ఇళ్ళకు పంపిన సందర్భాలు ఉన్నాయి.

1972 మే నెలలో స్పినోలా సెనెగల్ అధ్యక్షుడు సెంఘోర్‌ను కలిసి సంధికి దారి వెతికాడు. లిస్బన్‌లోని ప్రధాని కయెతానో ఒప్పుకోలేదు. చర్చల కంటే గౌరవంగా ఓడిపోవడమే మేలన్నాడని స్పినోలా చెప్పుకున్నాడు. చర్చలకు కబ్రాల్ ఎప్పుడూ తలుపు మూయలేదు.

ఉత్తరాయణం రాసినది:

ఐక్యరాజ్యసమితి తీర్మానపు తేదీని నేను ఇంతవరకు తిరుగుబాటు తేదీ పక్కన పెట్టి చూడలేదు. ఇది నా అభిప్రాయాన్ని మార్చింది. ఆశ్రయం, బయటి దేశాల సహాయం అంగోలాలోని పక్షాలకూ లభించాయి. అక్కడ మూడు పక్షాలు తమలో తాము కొట్టుకున్నాయి. ఎన్నికైన సభ ఒకటి ముందే సిద్ధంగా ఉండడం గినియా-బిస్సావులో మాత్రమే కనిపిస్తుంది. ఆ సభ వెనుక ఉన్న ఆలోచన ఒక వ్యక్తిదేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. 1974 తరువాతి హత్యల విషయంలో మాత్రం నా మాటను వెనక్కి తీసుకోను. వాటిని గురించి మౌనంగా ఉండే ఏ స్మారక సభ అయినా ఆయన 1965 ఆదేశానికి విరుద్ధమే.

తాళపత్రం రాసినది:

ఆ చివరి వాక్యాన్ని మీ అనుమతితో నా ప్రసంగంలో చేర్చుకుంటాను. నేను మొదట సిద్ధం చేసుకున్న ప్రసంగం 1974 ఏప్రిల్ 25తో మొదలయ్యేది. దానిని పక్కన పెట్టి 1953 వ్యవసాయ గణనతో మొదలుపెడుతున్నాను. బల్ల మీద రెండు స్వాతంత్ర్య తేదీలనూ రాసి, ఏది సరైనదో ముందు శ్రోతలనే అడుగుతాను.

నల్లరేగడి గారూ, మీ ఊరు మాకు బస్సులో రెండు గంటల దూరమేనని మీ పాత రాతల వల్ల తెలిసింది. వచ్చే రెండవ ఆదివారం సాయంత్రం మీరు వచ్చి, ఆ మడ నేలల వరి గట్ల గురించి పావుగంట మాట్లాడగలిగితే మా సభ్యులు ఎంతో సంతోషిస్తారు. మా వారిలో సగం మంది రైతులే. పోటు నీటిని గట్టు ఎలా ఆపుతుందో మీరు బల్ల మీద గీసి చూపిస్తే, మిగిలిన కథను నేను అక్కడి నుంచి అందుకుంటాను.

నల్లరేగడి రాసినది:

తప్పక వస్తాను. రంగు సుద్దముక్కలు రెండు సిద్ధంగా ఉంచండి, ఉప్పునీటికి ఒకటి, వాననీటికి ఒకటి.